వాస్తవిక చిత్రాల్లో పేద కుటుంబం: ఉన్నది ఉన్నట్టా, కొనేవారికి నచ్చేట్టా?

ప్రశ్న: చిత్రలేఖిని

కొంతకాలంగా ఐరోపా వాస్తవిక చిత్రకళను కాస్త శ్రద్ధపెట్టి చూస్తున్నాను. పేదరికాన్నీ కుటుంబ జీవితాన్నీ కలిపి చూపించిన చిత్రాల దగ్గరికి వచ్చేసరికి ఒక సందేహం నన్ను వదలడం లేదు. ఈ విషయంలో నాకన్నా ఎక్కువ చూసినవారూ చదివినవారూ ఇక్కడ ఉన్నారు కనుక అడుగుతున్నాను.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ల నైన్ సోదరుల పేరు మీద ఉన్న రైతు కుటుంబం చిత్రాన్నే తీసుకుందాం. అది 1640ల నాటిది. తండ్రి చేతిలో రొట్టె, కత్తి ఉన్నాయి. ఒక స్త్రీ చేతిలో కూజా, సన్నని కాడ ఉన్న ద్రాక్షసారా గ్లాసు ఉన్నాయి. చెప్పులు లేని కుర్రవాడు ఒకడు పిల్లనగ్రోవి ఊదుతుంటే వెనక పొయ్యి దగ్గర మరికొందరు పిల్లలు చలి కాచుకుంటున్నారు. బట్టలు చిరిగి ఉన్నాయి, గది బోసిగా ఉంది, అయినా ఎవరి ముఖంలోనూ ఫిర్యాదు లేదు. ఇంత లేమిలో ఇంత ప్రశాంతత నిజంగా ఉండేదా, లేక ఆ చిత్రాన్ని తన హాలులో వేలాడదీసుకునే పెద్దమనిషికి ఇబ్బంది కలగకుండా చిత్రకారుడు సర్దిపెట్టినదా అన్నది నా మొదటి సందేహం. ఆ గ్లాసు సంగతి అసలే అంతుపట్టలేదు.

రెండోది ఇంకొంచెం విస్తృతమైనది. ఇలాంటి చిత్రాల్లో పేద కుటుంబం దాదాపు ఎప్పుడూ భోజనం దగ్గరో, ప్రార్థనలోనో, జబ్బుపడిన బిడ్డ మంచం పక్కనో కనిపిస్తుంది. లేమి ఉన్న ఇంట్లో చిరాకులు, తగాదాలు, తాగుడు కూడా ఉంటాయి కదా. వాటిని వదిలేసి ప్రేమను మాత్రమే గీయడం, లేనిదానికి బదులుగా మమతను చూపించి సరిపెట్టడం కాదా? దీన్ని వాస్తవికత అని ఏ అర్థంలో అంటున్నాం?

జవాబు 1: తైలవర్ణం

చిత్రలేఖిని గారూ, ముందు ఆ గ్లాసు సంగతి చెబుతాను. ఆంత్వాన్, లూయి, మాత్యూ అనే ముగ్గురు సోదరులూ సంతకం చేసినప్పుడు ఇంటిపేరు మాత్రమే పెట్టేవారు. అందువల్ల ఏ చిత్రం ఎవరి చేతిదన్న వివాదం ఈనాటికీ తెగలేదు. లాఁ పట్టణం నుంచి వచ్చి పారిస్‌లో స్థిరపడ్డ వీరి చిత్రాలు కొన్నవారు నగరవాసులు. రొట్టె, ద్రాక్షసారా పక్కపక్కన ఉండటం వల్ల అందులో క్రైస్తవుల పవిత్ర భోజనపు ఛాయను చూసినవారు ఉన్నారు. ఇది నిరుపేదల ఇల్లు కాదనీ, ఎంతో కొంత సొంత భూమి ఉన్న రైతు కుటుంబమనీ అన్నవారూ ఉన్నారు. నా ఉద్దేశంలో ఈ రెండు వాదనలకూ పొత్తు కుదురుతుంది. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కరలేదు.

అయితే ఆ చిత్రాన్ని వాస్తవికమని నేను అనేది చిరిగిన బట్టలను చూసి కాదు, అందులో ఏమీ జరగడం లేదు కనుక. కుర్రవాడు ఊదుతున్నాడు, కానీ అందరూ వాడి వైపు తిరిగి మురిసిపోవడం లేదు. ఎవరి చూపు వారిది. దీని పక్కన ఫ్రెంచి చిత్రకారుడు గ్రూజ్ 1761లో ప్రదర్శించిన పల్లె పెళ్లికూతురి చిత్రాన్ని పెట్టి చూడండి. తండ్రి అల్లుడికి కట్నం సంచి అందించేశాడు, తల్లి కూతురి చెయ్యి వదలలేకపోతోంది, పత్రం రాసే అధికారి ఒక మూల కూర్చున్నాడు. నేల మీద కోడిపెట్ట, దాని పిల్లలు కూడా మాతృత్వం గురించి మనకు పాఠం చెప్పడానికే వచ్చినట్టు ఉంటాయి. ఆనాటి రచయిత, కళావిమర్శకుడు దిదెరో ఆ చిత్రాన్ని ఆకాశానికి ఎత్తాడు. బొమ్మ నిజంగానే నేర్పుగా ఉంటుంది, కానీ అక్కడ కుటుంబం ఒక నాటకరంగం, ప్రతి పాత్రకూ ఒక సంభాషణ ఉంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ల నైన్ సోదరుల పేరును మళ్లీ వెలికితీసిన రచయిత షాన్‌ఫ్లరీ, వాస్తవికవాదానికి జెండా ఎత్తిన చిత్రకారుడు కూర్బేకు స్నేహితుడు కావడం కాకతాళీయం కాదని నేను అనుకుంటాను. అలాంటి నాటకీయత లేకపోవడమే వారికి ఆ పాత బొమ్మల్లో కనిపించింది.

ఇక ప్రేమను చూపించి లేమిని కప్పిపుచ్చుతున్నారా అన్నది. దీనికి ఫ్రెంచి చిత్రకారుడు మిలే 1860 ప్రాంతంలో వేసిన చిత్రం ఒకటి చూడమంటాను. అది ఫ్రాన్సులోనే లీల్ నగరపు మ్యూజియంలో ఉంది. గడప మీద ముగ్గురు పసిపిల్లలు ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. తల్లి ఎదురుగా కూర్చుని ముందుకు వంగి చెంచాతో తినిపిస్తోంది. నోరు తెరిచిన బిడ్డ ఒకటే, మిగతా ఇద్దరూ తమ వంతు కోసం చూస్తున్నారు. గూటిలో పక్షిపిల్లలకు మేత పెట్టే దృశ్యం తన మనసులో ఉందని మిలేయే చెప్పుకున్నాడు. ఇంతవరకైతే ఇది క్యాలెండరు బొమ్మ అయిపోయేది. కానీ ఇంటి పక్కగా వెనక్కి చూస్తే, ఆ పిల్లల తండ్రి చాలా చిన్నగా, వంగి నేల తవ్వుతూ కనిపిస్తాడు. చెంచాలోకి వచ్చిన తిండి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చిత్రం దాచలేదు. మమత ఉంది, ఆ మమతను నిలబెడుతున్న చాకిరీ కూడా అదే చట్రంలో ఉంది. నేను ఇలాంటి చిత్రాల ముందు మొదట వెతికేది అదే. తిండి కనిపిస్తే దాని వెనక ఉన్న పని ఎక్కడుంది?

వాన్ గో తన బంగాళాదుంపలు తినేవారి చిత్రంలో ఈ మాటనే సూటిగా అన్నాడు. 1885 వసంతంలో, నెదర్లాండ్స్‌లోని న్యూనెన్ గ్రామంలో ద గ్రోట్ కుటుంబాన్ని చూసి వేశాడు. అంతకుముందు చలికాలమంతా రైతుల తలలను, చేతులను విడివిడిగా సాధన చేశాడు. పళ్లెంలో పెడుతున్న ఆ చేతులతోనే వాళ్లు నేలను తవ్వారనీ, ఆ తిండిని నిజాయితీగా సంపాదించుకున్నారనీ చూసేవారికి తట్టాలన్నది తన ప్రయత్నమని తమ్ముడు తియోకు రాశాడు. ముఖాల రంగును తొక్క తీయని, మట్టి అంటిన దుంప రంగుకు దగ్గరగా తెచ్చాడు. పైన వేలాడే ఒకే దీపం, ఒక పక్క కాఫీ పోస్తున్న స్త్రీ, మనకు వీపు చూపిస్తూ నిలబడ్డ అమ్మాయి. అయిదుగురు ఒకే బల్ల దగ్గర ఉన్నా ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడం లేదు. ప్రేమ లేదని కాదు. పొద్దంతా పనిచేసి వచ్చినవారు అన్నం దగ్గర అంతకన్నా ఏం మాట్లాడుకుంటారు?

జవాబు 2: నిలువుటద్దం

తైలవర్ణం గారి వివరణ చదివాను. బాగుంది కానీ చిత్రకారుల మీద కాస్త ఎక్కువ నమ్మకం పెట్టుకున్నారనిపించింది. చిత్రలేఖిని గారి మొదటి ప్రశ్న కొనేవారి గురించి. దాన్ని మీరు పక్కకు నెట్టేశారు.

ఆ మిలే సంగతే చూద్దాం. సాయంకాలం గంట మోగగానే పొలంలో తలవంచి ప్రార్థించే దంపతుల చిత్రాన్ని ఆయన 1857, 1859 మధ్య వేశాడు. 1875లో ఆయన పోయాడు. 1889లో ఆ చిత్రం వేలంలో 5,53,000 ఫ్రాంకులకు పోయింది, మరుసటి సంవత్సరమే 8,00,000 ఫ్రాంకులకు చేతులు మారింది. అందులో చిత్రకారుడి కుటుంబానికి దక్కింది ఏమీ లేదు. కళాఖండం మళ్లీ అమ్ముడైనప్పుడల్లా చిత్రకారుడికి గానీ వారసులకు గానీ కొంత వాటా చేరాలని 1920లో ఫ్రాన్సు చట్టం చేసింది. ఆ వాదన ఎప్పుడు వచ్చినా ఈ చిత్రం పేరే ముందుకు వస్తుంది. పేదరికం బొమ్మకు వచ్చిన ధరకూ పేదరికానికీ ఉన్న దూరం ఇది.

అదే మిలే 1857లోనే పరిగె ఏరుకునే ముగ్గురు స్త్రీల చిత్రాన్ని ప్రదర్శిస్తే కొందరు విమర్శకులు ఉలిక్కిపడ్డారు. కారణం చిత్రంలోనే ఉంది. ముందు భాగంలో నడుము విరిగేలా వంగిన ముగ్గురు, వెనక ఎండలో మెరిసే కుప్పలు, నిండు బండి, గుర్రం మీద అజమాయిషీ చేస్తున్న మనిషి. ఎవరి పంట, ఎవరి పరిగె అన్న లెక్క ఒక్క చూపులో తేలిపోతుంది. కొనే వర్గానికి ప్రార్థించే పేదలు నచ్చారు, ఏరుకునే పేదలు గుబులు పుట్టించారు. కుటుంబ చిత్రాలు ఎక్కువగా మొదటి రకానికి ఎందుకు చెందుతాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇంగ్లండులో ల్యూక్ ఫైల్డ్స్ వేసిన వైద్యుడి చిత్రం నా అభ్యంతరానికి మరింత స్పష్టమైన ఉదాహరణ. చక్కెర వ్యాపారి హెన్రీ టేట్ కోరి వేయించుకున్నాడు, 1891లో ప్రదర్శించారు. గుడిసెలో, జత కుదరని రెండు కుర్చీలను కలిపి వేసిన పడక మీద జబ్బుపడ్డ బిడ్డ ఉంది. పక్కనే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్న వైద్యుడు. దీపం వెలుగంతా వారిద్దరి మీదే. తల్లి బల్ల మీద వాలిపోయింది, తండ్రి ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ఇద్దరూ వెనక నీడలో ఉన్నారు. ఆ గుడిసె లోపలి భాగాన్ని ఫైల్డ్స్ తన స్టూడియోలోనే కట్టించుకుని వేశాడు. ఆయన పెద్ద కొడుకు 1877లో చనిపోయాడు కనుక ఆ దుఃఖంలో నటన లేదు, ఒప్పుకుంటాను. కానీ కూర్పు ఏం చెబుతోందో చూడండి. పేద తల్లిదండ్రులు తమ ఇంట్లోనే నేపథ్యం అయిపోయారు, ఇంటికి వచ్చిన సహృదయుడు కథానాయకుడయ్యాడు. 1949లో అమెరికా వైద్యుల సంఘం, ప్రభుత్వ ఆరోగ్య బీమా ప్రతిపాదనకు వ్యతిరేకంగా చేసిన ప్రచారానికి ఈ చిత్రాన్నే వాడుకుంది. పేద ఇంటి బొమ్మ అలాంటి పనికి కూడా ఒదిగిందంటే, అందులో పేదరికం ఎంత మెత్తగా ఉందో అర్థమవుతుంది.

విచిత్రం ఏమిటంటే ఇదే ఫైల్డ్స్ 1874లో, రాత్రి తలదాచుకోవడానికి అనుమతి చీటీ కోసం చలిలో వరుసకట్టిన నిరాశ్రయుల చిత్రం వేశాడు. చంకలో బిడ్డతో తండ్రి, పక్కన తల్లి, వారితోపాటు ముసలివాళ్లు, తాగుబోతులు, అందరూ ఒకే తడి గోడ వెంబడి ఉన్నారు. దాన్ని చూడటానికి విరగబడ్డ జనాన్ని ఆపడానికి రాయల్ అకాడమీలో కంచె కట్టి, పోలీసును నిలబెట్టాల్సి వచ్చింది. ఇంత బాధాకరమైన విషయం కళకు తగదన్న విమర్శ కూడా వచ్చింది. అక్కడ కాపాడటానికి ఎవరూ రాలేదు. ఇల్లు లేకపోతే కుటుంబం ఎంత తొందరగా ఒక వరుసలో అంకె అయిపోతుందో ఆ చిత్రం చెప్పినంతగా వైద్యుడి చిత్రం చెప్పలేదు.

చిత్రలేఖిని (ప్రశ్న అడిగినవారు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిలువుటద్దం గారూ, వైద్యుడి చిత్రం గురించి మీరు అన్నది చదివాక ఇంకో ప్రశ్న పుట్టింది. అదే గది, అదే జబ్బుపడ్డ బిడ్డ, అదే తల్లి ఉండి, సాయానికి వచ్చినవాడు లేని చిత్రం ఎవరైనా వేశారా? అలా వేస్తే అది చూడగలిగేలా ఉంటుందా, లేక దుఃఖం తప్ప ఏమీ మిగలదా? తాగుడు, తగాదాల గురించి అడిగినదానికి కూడా ఎవరైనా జవాబు చెబితే సంతోషిస్తాను.

జవాబు 3: రేఖామాత్రం

మీరు అడిగిన చిత్రం ఉంది, కానీ తైలవర్ణంలో కాదు, లితోగ్రాఫ్‌లో, అంటే రాతి మీద గీసి అచ్చు తీసే పద్ధతిలో. జర్మనీకి చెందిన కేటె కోల్విట్స్ 1893 నుంచి 1897 వరకు నేతకారుల తిరుగుబాటు మీద ఆరు బొమ్మల వరుస చేసింది. జర్మన్ నాటకకర్త హౌప్ట్‌మన్ నాటకం చూసిన ప్రభావంతో మొదలుపెట్టింది, నాటకానికి మూలం 1844 నాటి సైలీషియా నేతకారుల తిరుగుబాటు. వరుసలో మొదటి బొమ్మ లేమి గురించి. ఇరుకు గది, చిన్న పడక మీద బిడ్డ, పక్కన తల రెండు చేతుల్లో పట్టుకున్న తల్లి. వెనక కిటికీ దగ్గర మగ్గం, అక్కడ ఇంకో బిడ్డను పట్టుకుని ఒకరు కూర్చున్నారు. ఫైల్డ్స్ చిత్రంలో వైద్యుడు ఉన్న చోట ఇక్కడ ఎవరూ లేరు. గదిలో సగాన్ని ఆక్రమించింది మగ్గం. రేయింబవళ్లు నేసినా బిడ్డను బతికించుకోలేని ఇల్లు అని చెప్పడానికి అంతకన్నా వివరణ అక్కరలేదు.

దుఃఖం తప్ప మిగలదా అని అడిగారు. ఆ వరుసలో తరువాతి బొమ్మలు చూడండి. ఆ గదిలోంచే మనుషులు బయటికి వస్తారు, కూడబలుక్కుంటారు, యజమాని ఇంటి గేటు దాకా నడుస్తారు, చివరికి శవాలుగా మళ్లీ ఒక గదిలోకే చేరతారు. కుటుంబ దుఃఖం అక్కడ ఇంటికే పరిమితమైన విషయం కాదు, కారణం అయింది. 1898లో బెర్లిన్ ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు దీనికి బంగారు పతకం ఇవ్వాలని సిఫారసు చేస్తే చక్రవర్తి రెండో విల్హెల్మ్ నిరాకరించాడు. నిలువుటద్దం గారి వాదనకు ఇది బలమే, ఏ పేద ఇల్లు పైవారికి నచ్చుతుందో ఏది నచ్చదో ఆ నిరాకరణే చెబుతుంది. కోల్విట్స్ భర్త బెర్లిన్‌లోని కార్మికుల పేటలో వైద్యుడు, రోగులతో వచ్చే తల్లులను ఆమె దగ్గర నుంచి చూసింది. వైద్యుడి ఇంట్లో ఉండి కూడా వైద్యుణ్ణి బొమ్మలోకి తేలేదు.

తాగుడు గురించి: అది బొమ్మల్లో లేకపోలేదు, కానీ వేరే గదిలో ఉంది. ఇంగ్లండు చిత్రకారుడు హోగార్త్ 1751లో చెక్కిన జిన్ (ఒక రకం చౌక సారాయి) వీధి బొమ్మలో మత్తులో ఉన్న తల్లి ముక్కుపొడి తీసుకుంటుంటే చేతిలోని బిడ్డ మెట్ల మీద నుంచి జారిపడిపోతుంటుంది. అది వాస్తవం మీద నిలబడ్డ వ్యంగ్యం, జిన్ అమ్మకాలను అదుపు చేయాలన్న ఉద్యమానికి మద్దతుగా వచ్చింది. అంటే పేదల తప్పులు కనిపించినప్పుడు చిత్రం మందలింపుగా మారుతుంది, వారి ఒప్పులు కనిపించినప్పుడు జాలిగా మారుతుంది. తప్పులున్న పేద కుటుంబాన్ని మందలించకుండా గీయడం చాలా అరుదు. అది ఈ సంప్రదాయంలో నిజమైన లోటని చిత్రలేఖిని గారితో ఏకీభవిస్తాను.

ఇక మోడల్‌గా నిలబడ్డవారి వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు. రష్యా చిత్రకారుడు వసీలీ పెరోవ్ 1866లో వేసిన చిత్రంలో ముగ్గురు పిల్లలు మంచు గడ్డకట్టిన నీళ్ల పీపాను బండి మీద పెట్టుకుని గుర్రాల్లా లాగుతుంటారు. మధ్య కుర్రవాడి కోసం తగిన ముఖం దొరకక చాలాకాలం ఆ చోటు ఖాళీగా ఉంచాడు. చివరికి యాత్రకు కాలినడకన వెళ్తున్న ఒక రైతు స్త్రీ, ఆమె కొడుకు ఎదురయ్యారు. గీస్తే పాపమని ఆమె భయపడితే నచ్చజెప్పాడు. కొన్నేళ్ల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. కొడుకు మశూచితో చనిపోయాడు. ఉన్నదంతా అమ్ముకుని ఆ డబ్బుతో కొడుకు బొమ్మను కొనుక్కోవడానికి వచ్చానంది. అప్పటికే దాన్ని కళాఖండాలు సేకరించే త్రెత్యాకోవ్ కొనేశాడు. పెరోవ్ ఆమెను ఆ సేకరణ ఉన్న చోటికి తీసుకెళ్తే చిత్రం ముందు మోకరిల్లిందనీ, తరువాత ఆ కుర్రవాడి బొమ్మ ఒకటి వేసి ఊరికి పంపాననీ ఆయనే రాసుకున్నాడు. మనం ఇక్కడ ఇది సానుభూతా, వాస్తవమా అని చర్చిస్తున్నాం. ఆమెకు అది కొడుకు ముఖం. కొనేవారు అంటే ధనవంతులే అని అనుకునే ముందు ఈ ఒక్క కొనుగోలుదారును కూడా లెక్కలో వేసుకోవాలి. ఆమె మాత్రం కొనలేకపోయింది.

జవాబు 4: తైలవర్ణం

రేఖామాత్రం గారు పెరోవ్ పేరు ఎత్తారు కనుక ఆయన 1865లో వేసిన మరో చిత్రాన్ని చూడమని మాత్రం చెబుతాను. మంచులో భర్త శవపేటికను స్లెడ్జి బండి మీద తీసుకెళ్తున్న రైతు స్త్రీ, పేటికకు అటూ ఇటూ ఇద్దరు పిల్లలు. ఆమె ముఖం మనకు కనిపించదు, వంగిన వీపు మాత్రమే. జాలి పుట్టించడానికి ముఖం ఎంత సులభమైన సాధనమో తెలిసిన మనిషి దాన్ని కావాలనే వదులుకున్నాడు.

నిలువుటద్దం గారి అభ్యంతరానికి నా సమాధానం ఇది. కొనేవారి ఇష్టం చిత్రాన్ని వంచుతుందన్నది నిజమే, కానీ వంగని చోట్లు కూడా ఉన్నాయి, అవి కూర్పులోనే పట్టుబడతాయి. మనల్ని ఎక్కడ నిలబెట్టారో చూడాలి. వైద్యుడి చిత్రంలో మనం సాయం చేయడానికి వచ్చినవాడి పక్షాన నిలబడతాం. ఫ్రెంచి చిత్రకారుడు దోమియే 1862, 1864 మధ్య వేసిన మూడో తరగతి రైలుపెట్టె చిత్రంలో అలా కాదు. బిడ్డకు పాలిస్తున్న తల్లి, బుట్ట పిడి మీద రెండు చేతులూ పెట్టుకున్న ముసలామె, నిద్రపోతున్న కుర్రవాడు ఒక బెంచీ మీద ఉన్నారు. వారి వెనక టోపీలు, వీపులు, కిక్కిరిసిన జనం. ఆ బెంచీని అంత దగ్గరగా, అంత సూటిగా చూడాలంటే మనం ఎదురు బెంచీ మీద కూర్చుని ఉండాలి, అంటే మన చేతిలోనూ మూడో తరగతి టిక్కెట్టే ఉండాలి. దోమియే బతుకంతా పత్రికలకు లితోగ్రాఫ్‌లు గీసి పొట్ట పోసుకున్నవాడు. ఆయన చిత్రాలకు మొట్టమొదటి సొంత ప్రదర్శన జరిగింది 1878లో, పోవడానికి ఏడాది ముందు.

ఆ రైలుపెట్టె చిత్రానికి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న రూపం పూర్తికానిది. వీలైనంత పెద్ద ఫొటోలో చూడండి. బట్టల మీద, ముఖాల మీద సన్నని గళ్ల గీతలు కనిపిస్తాయి. అవి పాడైన మచ్చలు కావు, బొమ్మను ఒక కొలత నుంచి మరో కొలతకు మార్చుకోవడానికి దోమియే గీసుకున్నవి.